విజిల్ రాని కుక్కర్

మా అత్తగారు ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళు బాయిలర్ నడిపారు. అక్కడ అందరూ ఆవిడను బాయిలరమ్మ అనేవాళ్ళు. ఇంట్లో మాత్రం కుక్కర్ జోలికి పోయేవారు కాదు. శనగలు వండాలంటే గిన్నెలో పోసి, పొయ్యి దగ్గర మూడు గంటలు కాపలా కూర్చునేవారు. "అంత పెద్ద బాయిలర్ నడిపి, చిన్న కుక్కర్ అంటే అలకెందుకండీ?" అని నేను ఆట పట్టించేదాన్ని. నవ్వేవారు కాదు. నవ్వితే సొమ్మేం పోతుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ ఆదివారం నానబెట్టిన కాబూలీ శనగలను కుక్కర్ నిండా పోశాను. త్వరగా మెత్తబడాలని చెంచాడు వంటసోడా కూడా వేశాను. పక్క పొయ్యి మీద ఉల్లిపాయలు ఎర్రగా వేగాయి. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయింది. టమాటాలు మగ్గి, ధనియాల పొడి, మసాలా పడి, నూనె పైకి తేలింది. కుక్కర్ మాత్రం ఒక్క విజిల్ కూడా వేయలేదు.

"పెట్టి ఎంతసేపైంది?" అత్తగారు గడప దగ్గర నిలబడి అడిగారు.

"అరగంట అయ్యుంటుంది. వస్తుందిలెండి అత్తయ్యా."

ఆవిడ గబగబా వచ్చి రెండు పొయ్యిలూ ఆర్పేసి, నా రెక్క పట్టుకుని ముందుగదిలోకి లాక్కెళ్ళారు. అప్పుడు విన్నాను, కుక్కర్ లోపల సన్నని మూలుగు.

వంటగది వెనక గదిలో పది నెలల పాప నిద్రపోతోంది. ఆ గదికి వంటగదిలోంచే దారి. సరిగ్గా అప్పుడే లేచి ఏడుపు లంకించుకుంది. నేను పరుగెత్తబోయాను. అత్తగారు గడపకు అడ్డంగా నిలబడ్డారు.

"తప్పుకోండి! నా బిడ్డ లోపలుంది!"

"బిడ్డకీ కుక్కర్‌కీ మధ్య గోడుంది. నువ్వు ఎత్తుకొస్తే ఏముంటుంది? పొయ్యి పక్కనుంచేగా రావాలి?"

"ఏడుస్తోందండీ!"

"ఏడవనీ. వినిపిస్తోందంటే బాగున్నట్టే."

ఆ క్షణంలో ఆవిడ మీద పుట్టినంత అసహ్యం నాకు ఎవరి మీదా పుట్టలేదు. మీది గుండెకాయా, బండరాయా అన్నాను. నోటికొచ్చిందల్లా అన్నాను. ఆవిడ గోడ గడియారం కేసి చూస్తూ కదలకుండా నిలబడ్డారు. పాప గుక్కపట్టినప్పుడల్లా నా పైప్రాణాలు పైనే పోయేవి. మూలుగు ఆగింది. అయినా కదలనివ్వలేదు. ముప్పావుగంట దాటాక ఒక్కరే లోపలికి వెళ్ళి, కుక్కర్ చల్లారిందో లేదో చేత్తో తాకి చూసి, పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

మూత తీస్తే, ఆవిరి పోయే గొట్టంలో శనగపొట్టు ఇరుక్కుని ఉంది. సోడా నురగతో పాటు పైకెక్కిన పొట్టు. తప్పు నాదే. నిండా కిక్కిరిసిన శనగలింకా పలుకుగానే ఉన్నాయి.

అత్తగారు పిన్నీసుతో గొట్టం శుభ్రం చేశారు. పాత సేఫ్టీ వాల్వ్ బిరుసెక్కి పనిచెయ్యలేదని, వీధి చివర కొట్టుకు వెళ్ళి కొత్తది తెచ్చి, తనే బిగించారు. శనగలు సగం తీసేసి, నీళ్ళు మార్చారు. పాపను పక్కింటావిడకు ఇచ్చి వచ్చారు.

"ఇప్పుడు ఎక్కించు."

"నా వల్ల కాదు అత్తయ్యా. గిన్నెలోనే ఉడికిద్దాం."

"ఇవాళ ఎక్కించకపోతే ఇంకెప్పుడూ ఎక్కించవు. ఒకసారి బాయిలర్ గేజి అద్దం పగిలి, ఆవిరి కొట్టి నా పక్కనున్న మనిషి మొహం కాలిపోయింది. మర్నాడు మళ్ళీ ముట్టించాను, ఉద్యోగం కాబట్టి తప్పలేదు. ఇంట్లో మాత్రం కుక్కర్ ముట్టుకోలేకపోయాను. ఇక్కడ నన్ను బలవంతపెట్టేవాళ్ళు ఎవరూ లేకపోయారు."

పొయ్యి వెలిగించాను. వెళ్ళి కూర్చోండి అన్నా ఆవిడ వినలేదు. ఇద్దరం గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి వెయిట్ కదిలింది. ఇల్లంతా మోగేలా విజిల్ వచ్చింది.

అత్తగారు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నారు. నాలుగు విజిళ్ళు వచ్చి పొయ్యి ఆర్పేదాకా ఆవిడ వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు.