సీతారావమ్మ ముఠాలో పదో తరగతి

రెంటచింతల దగ్గర ఆ ఊళ్లో మిరప కోతల కాలం వచ్చిందంటే సర్పంచి మాటకన్నా సీతారావమ్మ మాటకే విలువెక్కువ. ఆమె ముఠా మేస్త్రి. ముప్పై మంది ఆడకూలీలను కూడగట్టి, తెల్లారేసరికి ఆటోల్లో కుక్కి చేలకు తోలుకుపోతుంది. అరవై దగ్గర పడ్డా గొంతు మాత్రం తగ్గలేదు. వీధి మొదట్లో ఆమె కేకేస్తే, వీధి చివర కోడి తన పని ఎవరో చేసేశారని కూయడం మానేస్తుందని చెప్పుకుంటారు. ఎన్నికలప్పుడు ఊరిని గడగడలాడించే పెద్ద రైతులు కూడా జనవరిలో ఆమె అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, మెల్లగా మాట్లాడతారు.

ఆ ఊరి హైస్కూలు సంగతి మాత్రం చెప్పుకుంటే సిగ్గుచేటు. కిందటేడు పదో తరగతి పంతొమ్మిది మంది రాస్తే ఆరుగురు గట్టెక్కారు. మండలంలో ఆఖరు. కారణాలు వెదకడంలో మాత్రం ఊరిదే మొదటి స్థానం. రైతులు పంతుళ్లను తిట్టారు, పంతుళ్లు సెల్‌ఫోన్లను తిట్టారు, తల్లులు పిల్లల తలరాతను తిట్టారు. మిరపకాయను ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేదాన్ని ఎవరు తిడతారు?

కొత్తగా బదిలీ మీద వచ్చిన లెక్కల టీచరు హైమావతికి ఆ మొహమాటం లేదు. హాజరు పట్టీ చూస్తే పదో తరగతిలో ఐదుగురు ఆడపిల్లలు సంక్రాంతి సెలవుల తర్వాత బడి మొహమే చూడలేదు. ఎక్కడున్నారో కనుక్కుని ఒక మధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుకుంటూ తిన్నగా చేలోకి వచ్చింది. ఐదుగురూ సీతారావమ్మ ముఠాలో వంగి కాయ కోస్తున్నారు. అందులో ఒకతె ఆమె సొంత మనవరాలు సుష్మిత.

టీచరు ఉపన్యాసం దంచుతుందనుకుని సీతారావమ్మ జవాబులు సిద్ధం చేసుకుంది. హైమావతి ఏమీ దంచలేదు. గట్టు మీద కూర్చుని సంచిలోంచి సుష్మిత లెక్కల పేపరు తీసి చూపించింది. యాభైకి తొమ్మిది.

"మీ మనవరాలికి బుర్ర లేక కాదమ్మా, బళ్లో లేక వచ్చిన మార్కులివి."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కిందటేడు తొమ్మిదో తరగతిలోనూ రెండు నెలలు పిల్లను చేలకు తెచ్చింది తనే. వద్దని గొణిగిన కోడలి నోరు మూయించిందీ తనే. పది తప్పితే సుష్మిత బతుకంతా ఇలా నడుం వంచడమేనని సీతారావమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడే ఐదుగురినీ ముఠాలోంచి తీసేసింది. కాయ రాలిపోతుందని చేను గల కోటేశ్వరరావు లబోదిబోమంటే, ఆయన్నీ ఆయన భార్యనూ దిగి కోసుకోమంది. అంతటితో ఊరుకుంటే ఆమె సీతారావమ్మ ఎందుకవుతుంది? పొద్దున్నే కూలీలను లేపే కేకతోనే పిల్లలనూ లేపి బడికి తోలడం మొదలుపెట్టింది. సాయంత్రం చేలోంచి రాగానే, స్టడీ అవర్ జరిగే గది గుమ్మంలో కాపలా కూర్చునేది. అక్షరం ముక్క రాకపోయినా పని చేయించడం ఎలాగో ఆమెకు ఒకరు నేర్పక్కర్లేదు.

చేలో ఆమెదొక చట్టం ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కో సాలు మొక్కలు. తన సాలు ముందు ముగించినవాళ్లు గట్టెక్కి కూర్చోకూడదు. వెనకబడినవాళ్ల సాలును అవతలి కొస నుంచి అందుకుని ఎదురు కోసుకుంటూ రావాలి. అన్ని సాళ్లూ అయ్యాకే అందరూ ఇంటికి. ఆ చట్టమే బళ్లోనూ పెట్టింది. ఆ ఐదుగురిలో లెక్కల్లో చురుకైన ధరణి, పక్కనున్న సుష్మితకు లెక్క వచ్చేదాకా కదలడానికి లేదు. నెల తిరిగేసరికి సుష్మిత మార్కులు ఇరవై దాటాయి. హైమావతి ముచ్చటపడింది.

ఆ ముచ్చట ప్రీ ఫైనల్ పరీక్ష దాకానే. ధరణి తన పేపరు ముగించి చూస్తే సుష్మిత ఇంకా మూడో ప్రశ్న దగ్గరే ఉంది. వెంటనే లేచి, దాపరికమేమీ లేకుండా వెళ్లి పక్కన కూర్చుని, సుష్మిత పేపరు ఆఖరి ప్రశ్న నుంచి వెనక్కి రాసుకుంటూ వచ్చింది. తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడి తిరిగిన హైమావతి గబగబా వచ్చి పేపరు లాక్కుంది. ఏమిటిదని అడిగితే, టీచరుకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసి, తన సాలు అయిపోయిందని చెప్పింది ధరణి.

సీతారావమ్మను పిలిపించారు. ఆమెకు తప్పేమిటో అర్థం కాలేదు సరికదా, ధరణిని మెచ్చుకుంది కూడా. పబ్లిక్ పరీక్షలో ఈ పని చేస్తే ఇద్దరినీ డిబార్ చేస్తారని విన్నాక గానీ మొహంలో నవ్వు మాయం కాలేదు.

"ఇదేం పరీక్ష టీచరమ్మా? పక్కది కిందా మీదా పడతా ఉంటే చూస్తా కూసోవాలా?"

"కూర్చోవాలమ్మా."

తన నలభై ఏళ్ల చట్టాన్ని సీతారావమ్మే మూడు వారాల్లో మరిపించాల్సి వచ్చింది. ఐదుగురినీ దూరదూరంగా కూర్చోబెట్టి, తల పక్కకు తిప్పినవాళ్లతో వరండా ఊడిపించింది. ఆ వరండా పుట్టి బుద్ధెరిగాక అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

లెక్కల పరీక్ష రోజు ముఠాకు సెలవిచ్చి, రెంటచింతల ఎండలో పరీక్ష కేంద్రం గేటు బయట కాలుగాలిన పిల్లిలా తిరిగింది. సుష్మిత ఏమీ తేల్చని మొహంతో బయటికొచ్చింది. ధరణి మాత్రం ఏడుస్తూ వచ్చింది. పేపరు తేలికే వచ్చిందట. అరగంట ముందే ముగించి, సుష్మిత కలం ఆగి ఆగి కదులుతుంటే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుందట. సీతారావమ్మ ఆ పిల్లను దగ్గరకు తీసుకుని, కొంగుతో మొహం తుడిచింది.

ఏప్రిల్లో ఫలితాలొచ్చిన రోజు ఆమె ఆఖరి కోతల్లో ఉంది. హైమావతి ఫోను చేసింది. ఇరవై ఒక్కమందిలో పద్దెనిమిది మంది పాసు. ఐదుగురు ఆడపిల్లలూ పాసు. సుష్మితకు లెక్కల్లో నూటికి ముప్పై ఎనిమిది. సీతారావమ్మ గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ముప్పై ఎనిమిదీ అదే రాసిందా? ఎవురూ చెయ్యెయ్యకుండా?"

"ఎవరూ వెయ్యలేదమ్మా. అంతా తనే."

ఫోను పక్కన పెట్టి, సగం కోసిన సాలు మధ్యలో చతికిలబడి సీతారావమ్మ ఏడ్చింది. ముఠా అంతా పని ఆపి చూసింది. చూస్తే చూడనీ అనుకుంది.