మామయ్య జీపు వాగులో ఆగలేదు

నిన్న మధ్యాహ్నం ఒంగోలు హాస్టల్ మెస్‌లో అన్నం కలుపుకుంటూ వాట్సాప్ తెరిచాను.

మా అమ్మమ్మ ఊరి కిరణ్ స్టేటస్. మా శివరావు మామయ్య ఫొటో. కింద ఒక కొవ్వొత్తి, జోడించిన చేతులు.

"మై గురు. ఎన్నో వాగులు కలిసి దాటాం. రెస్ట్ ఇన్ పీస్ లెజెండ్."

అమ్మ ఫోన్ ఆ తర్వాత వచ్చింది. అమ్మ తమ్ముడు పోయాడన్న సంగతి అమ్మ కంటే ముందు కిరణ్ నాకు చెప్పాడు.

చెయ్యి కడిగేసుకున్నాను.

ఆ ఫొటోను చాలాసేపు చూశాను. అందులో మామయ్య సగమే ఉన్నాడు. కిరణ్ బండికి పక్కన నిలువుగా లేచిన గాలి గొట్టం, స్నార్కెల్, మాత్రం పూర్తిగా ఉంది.

సాయంత్రానికి ఊరి గ్రూపుల్లో ఇంకో కథ మొదలైంది. "జీపు వాగులో ఆగిపోయిందంట. అందుకే హాస్పిటల్‌కి లేటయిందంట."

"అంట" అనే ముక్క ఎంత పిరికిదో నాకు నిన్న తెలిసింది.

అందుకే ఇది రాస్తున్నాను. మామయ్య గుండెపోటుతో పోయాడు. జీపు ఆగినందువల్ల కాదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ప్రత్తిపాడు దాటాక అమ్మమ్మ ఊరికి ఒకటే దారి, ఆ దారిలో వాగు మీద చప్టా. గట్టి వాన పడితే రోడ్డు నీళ్ల కిందికి పోతుంది. బస్సు రాదు, పాల వ్యాన్ రాదు. మామయ్య పాత డీజిల్ జీపు మాత్రం దాటేది.

ధైర్యం వల్ల కాదు. ఆ మాటంటేనే ఆయనకు చీదర. "ధైర్యం బండిలో ఎక్కడుంటదే? బానెట్ కిందా?" అనేవాడు.

ఏటా తొలకరికి ముందు జీపును నీళ్లకు సిద్ధం చేసేవాడు. ఇంజిన్ గాలి పీల్చే గొట్టాన్ని టాప్ దాకా లేపి, ప్రతి అతుకూ సీల్ చేసేవాడు. యాక్సిల్‌కి, గేర్‌బాక్స్‌కి కూడా ఊపిరి రంధ్రాలుంటాయని నాకు చెప్పింది ఆయనే. వాటికి సన్నటి పైపులు తగిలించి ఎత్తుగా కట్టేవాడు.

"వేడెక్కిన ఇనుము చన్నీళ్లలో దిగితే దానికి దాహమేస్తదే. పైన గాలి ఇవ్వకపోతే కింద నీళ్లు తాగుద్ది."

బీఏ తెలుగులో చేరాక కూడా నాకు అంత మంచి వాక్యం దొరకలేదు.

వాగు దగ్గర ఇంకొంత పని. ఫ్యాన్ బెల్ట్ తీసేయాలి, లేకపోతే ఫ్యాన్ ఇంజిన్ మీదంతా నీళ్లు చిమ్ముతుంది. నీళ్లు లోపలికి తోసుకురాకుండా కళ్లంలో మిరపకాయలు ఆరబోసే పట్టాను జీపు ముఖానికి కట్టాలి. ఒకరు కర్ర పట్టుకుని ముందు నడిచి చూడాలి. మనిషి నడవలేని నీళ్లలో బండి నడపకూడదు. వాగు లాగుతుంటే ఆయన దిగేవాడే కాదు, అరుగు మీద కూర్చుని పేపర్ చదువుకునేవాడు.

ఇక ఆయన "శిష్యుడి" సంగతి.

పోయిన వానాకాలం కిరణ్ కొత్త బండితో చప్టా దగ్గరికి రీల్ తీయడానికి వచ్చాడు. మామయ్య బానెట్ ఎత్తించి లోపలికి తొంగి చూశాడు. స్నార్కెల్ చక్రం పైనుండే ఫెండర్ రేకుకి బయట అతికించి ఉంది, అంతే. లోపల దేనికీ కలపలేదు.

"ఏరా, దీనికి రంధ్రం ఏదిరా?"

"ఫెండర్ కోస్తే వారంటీ పోద్దంట బాబాయ్. లుక్ కోసం పెట్టించా."

"నుదుటి మీద ముక్కు బొమ్మ గీసుకుని మునిగినట్టుందిరా నీ యవ్వారం."

కిరణ్ నవ్వేసి, ఫోన్ పట్టుకున్న ఫ్రెండ్‌కి సైగ చేసి దిగాడు. సగం దూరంలో ఇంజిన్ నీళ్లు తాగింది. మామయ్య జీపుకి తాడు కట్టి లాగాడు.

రీల్‌లో ఆ తాడు లేదు. బండి నీళ్లలోకి దిగుతుంది, వెంటనే ఒడ్డు మీద కిరణ్ కూలింగ్ గ్లాసెస్. మధ్యలో ఉన్న మామయ్యను కత్తిరించేశాడు.

ఎన్నో వాగులు కలిసి దాటారట. కలిసి దాటింది ఒకటే. అదీ తాడుకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు.

నిన్న పొద్దున మామయ్యకు ఛాతీలో నొప్పి మొదలైంది. చప్టా మునిగి ఉంది. అంబులెన్స్ అవతలి ఒడ్డున ఆగింది. మామయ్య కూతురు సునీత అక్క కంగారులో ముందు కిరణ్‌కే ఫోన్ చేసింది, బండి ఎత్తుగా ఉంటుందని.

"సర్వీసింగ్‌కి ఇచ్చానక్కా" అన్నాడు.

వాళ్ల వాకిట్లో కవర్ కప్పుకున్న బండి అక్కకి డాబా మీంచి కనిపిస్తూనే ఉంది.

అది విని మంచం మీద మామయ్య తేలిగ్గా నవ్వాడు. అంత నొప్పిలోనూ.

"బతికించాడు. దాంట్లో ఎక్కితే వాగులోనే పోయేవాణ్ణి. మన జీపు కట్టండి."

అక్క బెల్ట్ తీసింది. పక్కింటివాళ్లు పట్టా కట్టారు. అత్తయ్య చీర కుచ్చిళ్లు దోపుకుని కర్రతో ముందు దిగింది. నడుము లోతు నీళ్లు, లాగుడు లేదు. అవతలి నుంచి చెయ్యి ఊపింది.

అక్క ఫస్ట్ గేర్‌లో, మనిషి నడిచినంత మెల్లగా పోనిచ్చింది. వెనక పడుకుని మామయ్య అంటూనే ఉన్నాడు. "కాలు ఎత్తమాక. గేరు మార్చమాక."

జీపు ఆగలేదు. దగ్గనైనా దగ్గలేదు. ఇది ఎవరో అన్న మాట కాదు, స్టీరింగ్ పట్టుకున్న మనిషి నాతో చెప్పింది.

స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే మామయ్య అక్క చెయ్యి పట్టుకున్నాడు. అందరూ ఏదో అప్పగింత అనుకున్నారు.

"బ్రేకులు తడిసుంటాయి. మెల్లగా తొక్కుతా ఆరబెట్టుకుంటా రా."

అత్తయ్య అంబులెన్స్ ఎక్కింది. అక్క ఫ్యాన్ బెల్ట్ మళ్లీ బిగించి, చెప్పినట్టే బ్రేకులు తొక్కుతూ గుంటూరు దాకా వెనకే వచ్చింది. హాస్పిటల్ గేటు దగ్గర బండి ఆపేసరికి అత్తయ్య బయట నిలబడి ఉంది.

కిరణ్, నీ స్టేటస్ ఈ మధ్యాహ్నానికి దానంతటదే మాయమవుతుంది. నీ స్నార్కెల్ లాగే దాన్నీ లోపల దేనికీ కలపలేదు.

గ్రూపుల్లోని పెద్దలారా, ఈసారి వాగు పొంగితే మీ "అంట" ఎక్కి దాటండి.

మామయ్యా, బ్రేకులు ఆరిపోయాయి. అక్క బండిని నీడలో పెట్టింది.

ఇక నిశ్చింతగా పడుకో.