మిషన్ నాది

యూనివర్సిటీలో ఎమ్మే చదివే పద్మశ్రీకి చూపు లేదు. పాఠాలన్నీ అరచేతిలో ఇమిడే రికార్డర్‌లోనే ఉంటాయి. దాని మీది ప్రతి గీతా ఆమె బొటనవేలికి తెలుసు. పరీక్షల ముందు అది ఛార్జింగ్ ఎక్కడం మానేస్తే, స్నేహితురాలు అమలతో తార్నాకలో రిపేరు షాపుకొచ్చింది. షాపాయన అమల వైపు తిరిగి, "బ్యాటరీ పోయింది, కొత్త మిషన్ కొనుక్కోమని ఆమెకు చెప్పమ్మా" అన్నాడు.

పద్మశ్రీ గడ్డం పైకెత్తింది. "మిషన్ నాదన్నా, నాకే చెప్పు. వైరు వంచి పట్టుకుంటే ఛార్జింగ్ బీప్ వస్తున్నది, వదిలితే ఆగుతున్నది. బ్యాటరీ పోతే అట్లెందుకైతది? విప్పి పిన్ను చూడు."

ఆయన గొణుక్కుంటూనే విప్పి, ఊడిన పిన్నును అతికించాడు. ఈసారి వైరు వదిలినా ఛార్జింగ్ ఆగలేదు. రికార్డర్‌ను అమలకే అందించబోయాడు. అమల చేతులు కట్టుకుంది. పద్మశ్రీ అరచెయ్యి చాచి, అందులో పెట్టేదాకా దించకుండా నిలబడింది.