అయిదో మెట్టు మీద ఫిన్లో

నానమ్మ బ్రీషాకు డెబ్బై ఒకటి. ఆమె బైకుకు నలభై తొమ్మిది. ఇద్దరిలో మొండి ఎవరన్నది ఇంగ్లండు పక్కనున్న మ్యాన్ దీవిలో ఇంకా తేలలేదు.

పోయిన ఆగస్టులో పాత బళ్ళ ఊరేగింపుకు పోతుంటే, వంతెన దాటిన రెండు మైళ్ళకు ఒక గతుకు మీద హ్యాండిలు పూనకం వచ్చినట్టు అటూ ఇటూ కొట్టుకుంది. బండి గోడను గుద్దింది. నానమ్మ గోడ దూకి గొర్రెల మధ్య పడింది. భుజం ఎముక విరిగింది. కారణం వెతకడానికి ఎవరూ పానా పట్టలేదు. కారణం అందరికీ తెలిసిందే కదా! ఆ పొద్దున కొడుకుతో పోట్లాడిన ఉడుకులో ఆమె వంతెన మీద ‘వాళ్ళను’ పలకరించకుండా దాటింది. వంతెన కింద కంటికి కనబడని చిన్నవాళ్ళు ఉంటారని, పలకరించకపోతే కీడు చేస్తారని దీవి నమ్మకం. వాళ్ళను పేరు పెట్టి ఎవరూ పిలవరు. పలకరించకుండా ఎవరూ దాటరు, బ్యాంకు మేనేజరుతో సహా. అందుకే నానమ్మ ఏడాదంతా తన నోటిని తిట్టుకుంది గాని బండిని ఒక్క మాట అనలేదు.

"శనివారం ఊరేగింపు చూడ్డానికి కారులో రా అమ్మా. బండి అమ్మేద్దాం. నీ చేతులు వణుకుతున్నాయి," అన్నాడు కొడుకు ఆరీ.

"వణికింది హ్యాండిలు. నా చేతులు కాదు."

"ఏది వణికితేనేం, పడింది నువ్వు."

చివరికి పందెం కుదిరింది. శుక్రవారం ఆమె అదే దారిలో అవతలి ఊరిదాకా పోవాలి, వెనక ఆరీ కారులో వస్తాడు. హ్యాండిలు ఒక్కసారి కొట్టుకున్నా బండి అమ్మకానికి పోతుంది.

నానమ్మ స్టీరింగ్ డ్యాంపర్ కొనితెచ్చింది. అదొక నూనె గొట్టం. ఒక కొస బండి చట్రానికి, రెండోది ముందు ఫోర్కుకు బిగిస్తే హ్యాండిలు విసురును పట్టి ఆపుతుంది. బిగించి, దాని మరను చివరంటా తిప్పేసింది. గట్టిగా ఉంటే ఇంకా మంచిదే కదా అని ఆమె లెక్క. చారులో ఉప్పు కూడా అదే లెక్కన వేస్తుంది.

సందులో మెల్లగా పోనిచ్చేసరికి హ్యాండిలు చెప్పిన మాట వినలేదు. బండి తాగినవాడిలా తూలుతూ వెళ్ళి పక్కింటి చెత్తడబ్బాను కౌగిలించుకుంది. ఆ డబ్బా క్యూలీది. ఒకప్పుడు రేసు బళ్ళు చూసిన మెకానిక్కు, నానమ్మతో కలిసి బడి ఎగ్గొట్టినవాడు.

"బాగుందే బ్రీషా! తలనొప్పని తల కట్టేశావు. జబ్బెక్కడుందో చూశావా?"

"ఒరేయ్ క్యూలీ, నవ్వింది చాలు. టేపు తీసుకురా."

క్యూలీ వెనక చక్రాన్ని నేల వదిలించి, ఇరుసు నుంచి తోకదాకా కొలిచాడు. ఆమెను ఎక్కించి మళ్ళీ కొలిచాడు. మనిషి కూర్చుంటే అంగుళం పైన దిగాల్సిన బండి పావు అంగుళమైనా దిగలేదు.

"వెనక ఎత్తుగా ఉండి ముక్కు నేలకేసి పోతోంది. అందుకే గతుకు తగిలితే హ్యాండిలుకు పిచ్చెక్కుతోంది. వెనక స్ప్రింగులు రెండూ బిగువులో అయిదో మెట్టు మీదున్నాయి. అంత బిగువు ఎవరు పెట్టారే?"

పెట్టింది ఫిన్లో. ఆమె మొగుడు, నూట పది కిలోల మనిషి. పోయి నాలుగేళ్ళయింది. అన్నాళ్ళుగా ఆ బండి ఆయనే ఎక్కాడనుకుని నడుస్తోంది.

"నే తిప్పనా?" అన్నాడు క్యూలీ మెత్తగా.

"చెయ్యి వేశావంటే విరగ్గొడతా."

కొక్కెం పానా తనే పట్టుకుంది. "దిగు ఫిన్లో. ఇక ఇది నా సీటు," అంటూ ఒక పక్క మూడు మెట్లు, రెండో పక్క మూడు మెట్లు దించింది. కళ్ళూ ముక్కూ తుడుచుకున్నది గ్రీజు చేత్తో. మూతి మీద దిగిన ఆ నల్ల మీసంతోనే డ్యాంపర్ మరను సగానికి పైగా వదులు చేసింది.

శుక్రవారం వంతెన దగ్గర నానమ్మ పళ్ళు బిగబట్టింది. పలకరించలేదు. తప్పు స్ప్రింగుదో నోటిదో ఇవాళ తేలాలి. గతుకు వచ్చింది. హ్యాండిలు కొట్టుకోలేదు, చిన్నగా తల ఊపి, బుద్ధిమంతురాలిలా నిలబడింది. నానమ్మ ఆ తరవాతి మలుపులో వేగం ఇంకాస్త పెంచింది.

అవతల ఊళ్ళో ఆరీ కారు దిగాడు. మొహం పాలిపోయి ఉంది.

"నెగ్గావమ్మా. బండి నీదే. రేపు ఊరేగింపుకు పో."

"చూశావా? పలకరించకుండానే దాటాను!"

ఆరీ చెవి గోక్కున్నాడు. "అదీ... నేను పలకరించాను. రెండుసార్లు. నీ వంతు కూడా."

నానమ్మ హెల్మెట్ మళ్ళీ నెత్తిన పెట్టుకుంది.

"అయితే పందెం చెల్లదు. వెనక్కి పద. ఈసారి నోరు మూసుకుని రా."