సారింటి అటక

"మీ సారు పోయిండట" అంది అక్క, కూరగాయల గంప నెత్తి మీద నుంచి దింపుకుంటూ. మంచిర్యాల మార్కెట్లో మా ఊరివాళ్లెవరో చెప్పారట. రెండు రోజుల కింద, పొద్దున చాయ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి అట్లాగే ఒరిగిపోయారట. ఆ ముక్క చెప్పేసి గంపలో మిగిలిన వంకాయలు ఏరుకుంటూ కూర్చుంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అక్క ముందు ఆయన కోసం ఏడవడం ఏం న్యాయం? మొహం కడుక్కునే నెపంతో దొడ్లోకి పోయాను.

అక్క ఎప్పుడూ 'మీ సారు' అనే అంటుంది. నాకు మాత్రం ఆయన సారే. ఈరోజు నేను ఆడపిల్లల బడిలో చరిత్ర చెబుతున్నానంటే అది ఆయన చలవ. ఆ మాట ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు, ఆ మర్యాదా తెలుసు. కానీ సగం చెప్పి ఊరుకోవడం ఆయన నాకు నేర్పలేదు.

మా ఊరు లక్సెట్టిపేటకు దగ్గర్లో, గోదావరి ఒడ్డున. అవ్వ, బాపు, అంటే అమ్మానాన్నలు, దొర ఉండే కోటలాంటి గడిలో వెట్టి చేసేవారు. దొర బిడ్డ పెళ్లయి గోదావరి అవతల, కరీంనగర్ జిల్లాలో అత్తవారి గడికి పోతుంటే మంచం, పెట్టెలు, పాడి ఆవుతో పాటు మా అక్కనూ పంపారు. అట్లా పోయే పిల్లను ఆడబాప అనేవారు. దొరసానికి నీళ్లు తోడాలి, కాళ్లు పిసకాలి, పెళ్లీ పెటాకులూ లేకుండా ఆ గడిలోనే ముసలిదైపోవాలి. అక్కకు అప్పుడు పన్నెండేళ్లు. ఆమె పోయిన కొన్నాళ్లకే నిజాం రాజ్యం పోయింది, వెట్టి రద్దయిందని ఊరంతా చాటింపు వేశారు. ఆ చాటింపు గడి గోడ దాటి లోపలికి పోలేదు.

సారు మా ఊరి బడికి వచ్చింది ఆ రోజుల్లోనే. హైదరాబాదులో ఉర్దూలో చదువుకున్న మనిషి. పాత షేర్వానీ, దాని జేబుల నిండా సుద్దముక్కలు. ఒకనాడు తిన్నగా మా గుడిసెకు వచ్చారు. బాపు గొంగడి పరచబోతే వద్దని గడప దగ్గరే నిలబడ్డారు.

"ఒక బిడ్డను గడికిచ్చినవు. గీ బిడ్డనన్న బడికియ్యి."

బాపు ఆ గొంగడినే మళ్లీ మడత పెట్టాడు. "దొర ఏమంటడో సారూ" అంది అవ్వ.

"దొరతోని నేను మాట్లాడ్త. ఫికర్ చెయ్యకు" అన్నారు. అన్నట్టే మాట్లాడారు. నేను బడికి పోయాను.

పిల్లల మీద ఆయన ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. "పాఠం అన్నంక ఇంటిదాంక రావాలె. బడిల్నే ఉండిపోతే అది పాఠం గాదు" అనేవారు మాటిమాటికీ. ఇక అమెరికా పాఠం వచ్చిందంటే పూనకం వచ్చినట్టే. నల్లబల్ల మీద ఆ దేశం గీసి, కింద దక్షిణం, పైన ఉత్తరం అని చూపించేవారు. దక్షిణాన పత్తి చేన్లు, వాటిలో అంగట్లో పశువుల్లా కొని తెచ్చిన నల్లమనుషులు. ఉత్తరాన గులామీ, అంటే బానిసతనం, లేదు. రెంటి మధ్య నదిని మాత్రం సుద్దతో గీసేవారు కాదు. నీళ్ల కుండలో వేలు ముంచి తడిగీత గీసేవారు. "గిది మన గోదారి అనుకోండ్రి. గీ ఒడ్డు గులామీ, గా ఒడ్డు ఆజాదీ."

కొత్త రాష్ట్రం చేరినప్పుడల్లా అక్కడ గులామీ ఉండాలా వద్దా అని రెండు వైపులా కొట్లాట అట. ఆ కొట్లాట ఆపడానికి పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చారు. నది దాటి పారిపోయి వచ్చినవాళ్లను ఉత్తరంవాళ్లే పట్టి వెనక్కి ఒప్పజెప్పాలని చట్టం చేశారు. "దేశం ఆగం గావద్దని మనుషులను ఒప్పజెప్పిండ్రు. ఆగం గాకుండ నిలవడ్డదా?" అని బల్ల గుద్దేవారు సారు. "పదేండ్లకే అన్నదమ్ములు తుపాకులు వట్టుకొని సచ్చిండ్రు!" ఆ చట్టాన్ని లెక్కచేయక, పారిపోయి వచ్చినవాళ్లను తమ ఇళ్లలో దాచినవారి సంగతి చెప్పేటప్పుడు ఆయన సుద్దముక్క కింద పెట్టి మా మధ్యకు వచ్చి నిలబడేవారు. "నా ఇంట్ల గూడ అటకున్నది. గసొంటోళ్లు వస్తే నేను దాస్త" అన్నారొకసారి. పిల్లలంతా నవ్వారు. నేను నవ్వలేదు, నమ్మాను.

దొర బిడ్డకు కొడుకు పుడితే అవ్వతో కలిసి నేనూ అవతలి గడికి పోయాను. బావి దగ్గర అక్కకు అమెరికా పాఠమంతా చెప్పాను. అక్క చేద వదిలేసి విన్నది.

"గా అటక నిజంగ ఉన్నదానే?"

"ఉన్నదక్కా. సారే చెప్పిండు."

దారి చూపించింది నేను. ఈ మాట రాయకుండా ఆయన గురించి ఇంకేమీ రాయలేను.

ఆ ఎండాకాలం గోదావరి మోకాలి లోతుకు దిగింది. ఇసుకలో కాసిన పుచ్చకాయలను అంగడికి మోసుకొచ్చే ఆడవాళ్లలో కలిసి, నెత్తిన గంపతో, అక్క పట్టపగలే నది దాటింది. మా గుడిసెకు రాలేదు. వెతికేవాళ్లు మొదట అక్కడికే వస్తారని తెలుసు. తిన్నగా సారింటికి పోయింది. ఆయన కోరినట్టే పాఠం ఇంటిదాకా వచ్చింది.

మూడు రోజులు దాచారు. అది అబద్ధం కాదు. సారు ఇల్లాలు జొన్నరొట్టె, పచ్చిపులుసు పైకి అందించేది. వెట్టి నేరమని చట్టం ఉంది కాబట్టి కలెక్టరుకు దరఖాస్తు రాస్తానన్నారు సారు. బడిలో కూర్చుని నేను గర్వంతో ఉక్కిరిబిక్కిరి అయ్యాను. మా సారు లాంటి మనిషి ఈ భూమ్మీద లేడనుకున్నాను.

ఆ వారమే ఊరికి హైస్కూలు మంజూరైంది. దానికి జాగ ఇవ్వాల్సింది దొర. మూడోనాడు సారుకు గడి నుంచి పిలుపు వచ్చింది.

అవి ఒంటిపూట బడి రోజులు. బడి వదిలాక సారింటికి పోయేసరికి వాకిట్లో దొర ఎడ్లబండి ఉంది. అక్కను ఎక్కిస్తున్నారు. అక్క అరవలేదు, పట్టుకున్నవాళ్ల వైపు చూడనైనా లేదు. గుమ్మంలో నిలబడ్డ సారునే చూస్తోంది. ఆయనేమో సుద్ద అంటిన చేతులను షేర్వానీకి తుడుచుకుంటున్నారు.

"ఎందుకు సారూ?" అన్నాను బండి పోయాక.

"ఒక్క పిల్ల, బిడ్డా. ఊరంత పిల్లలకు బడి వస్తది. నువ్వు గూడ సదువుతవు. జర సమజ్ జేస్కో."

"గదే రాజీ గద సారూ, మీరు జెప్పింది?"

ఆయన తల దించుకుని లోపలికి పోయారు.

దొర ఇచ్చిన జాగలో బడి లేచింది. నేను పోనని మొండికేస్తే, "అక్క ఎట్లాగూ తిరిగి రాదు, నువ్వన్న బాగుపడు" అని అవ్వ మెడపట్టి తోసినంత పని చేసింది. చదివాను. మా అక్కను ఇచ్చి తెచ్చిన బడిలోనే చదివాను. మరుసటి ఏడు అమెరికా పాఠం వచ్చినప్పుడు సారు పటం గీశారు, నది గీయలేదు. "నది ఏది సారూ?" అని లేచి అడిగాను. గంట కొట్టేదాకా ఆయన సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డారు. నేను టీచరు ట్రైనింగుకు పోయేనాడు మంచిర్యాల స్టేషను దాకా వచ్చి, రొట్టెలు కట్టిన గుడ్డ మూట కిటికీలోంచి ఇచ్చారు. విసిరికొట్టాలనుకున్నాను. రైలు కదిలాక తిన్నాను.

అక్క ఇంకో పదకొండేళ్లు ఆ గడిలోనే ఉంది. గడివాళ్లు హైదరాబాదుకు మకాం మార్చినప్పుడు తలుపులకు తాళం వేసి ఆమెను బయట వదిలేశారు. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. అటక సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

సారు పదో రోజుకు నేను బయల్దేరుతుంటే, "నేను గూడ వస్త" అని అక్క చెప్పులేసుకుంది. సారు ఇల్లాలు మమ్మల్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. లోపల అటకకు నిచ్చెన ఆనించే ఉంది.

"గప్పటి సంది తియ్యనియ్యలే బిడ్డా" అంది ఆమె అక్కతో. "ఇంటికి సున్నమేసినా తియ్యనియ్యలే. పొద్దుగాల లేస్తే దాని దిక్కు జూసుకుంటనే కూసునుడు."

నా కళ్లు నిండాయి. ఇన్నేళ్ల కోపం ఒక్కసారిగా కరిగినట్టయింది. ఎంత కుమిలిపోయారో పాపం అనుకున్నాను.

అక్క నిచ్చెన దగ్గరికి పోయి, దాని రెండు కాళ్లనూ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"గానాడు నేను దిగనన్న" అంది. "'దొరతోని మాట్లాడిన, ఫికర్ చెయ్యకు, దిగు బిడ్డా' అన్నడు. నిచ్చెన ఊగుతున్నదని గిట్లనే పట్టుకున్నడు. 'మెల్లగ, పడ్తవు' అన్నడు."

అక్క చేతులు తీసి చీరకు తుడుచుకుంది. నిచ్చెన మీది దుమ్ములో ఆమె పట్టుకున్నచోట రెండు చేతుల గుర్తులు మిగిలాయి.