పసుపు తాగిన ఇంజన్

మా తమ్ముడి కూరగాయల బండి బోయిన్‌పల్లి మార్కెట్ దాటగానే తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. ఆయిల్ చూసే పుల్ల బయటికి తీస్తే, నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలెక్కువైన చాయ్‌లా ఉంది. ఇంజన్ నీళ్లు ఆయిల్‌లో కలిశాయన్నమాట. ఆ బండే వాడి బతుకు. మెట్టుగూడలో నా కూరగాయల అంగడికి సరుకూ అందులోనే వస్తుంది.

మెకానిక్ ఇంజన్ పైభాగం, అదే హెడ్, విప్పి తమ్ముడి చేతిలో పెట్టి "ఇది ఖతం, ఇంకోటి తెచ్చుకో" అన్నాడు. ఎక్కడినుంచి తేవాలి? ఆ మోడల్ బండ్లు రావడం మానేసి చాలా కాలమైంది. పాత సామాన్ల కొట్లో ఒకటి దొరికింది గానీ దానికీ ఓ మూల వెల్డింగ్ మచ్చ ఉంది. ఎవరి బండిలో ఏం పాట్లు పడిందో తెలియని దానికంటే మనదే బాగుచేయించుకుందాం అన్నాను. బాగుపడకపోతే బండి తుక్కు కిందికే. తమ్ముడికి ఇంకో పని రాదు. ఉన్నమాటే రాస్తున్నాను.

హెడ్‌ను గోనెసంచిలో చుట్టి, అల్యూమినియం వెల్డింగ్ చేసే భాయ్ దగ్గరికి ఆటోలో బయలుదేరాం. నీకెందుకక్కా అన్నాడు తమ్ముడు. జుట్టు నెరిశాక చర్చిలో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అప్పటినుంచి ఏదైనా తెలియకుండా వదిలేయడం నా వల్ల కాదు. వెళ్లాను.

భాయ్ హెడ్‌ను తిరగేసి, నీళ్లు తిరిగే కన్నాల్లో పుల్ల పెట్టి గీకాడు. పచ్చటి ముద్ద ఊడిపడింది. వాసన చూశాడు.

"ఏందీ ఇది? ఇంజన్‌ల కూర వండినవా?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "రేడియేటర్ జెర కారుతుండె భాయ్. పసుపు ఏస్తే బందయితదని డ్రైవర్లందరు ఏస్తరు గదా."

"ఎంత ఏసినవ్?"

"కారినప్పుడల్లా ఏసిన."

"అరె! చిటికెడు ఏస్తే చిన్న కన్నం మూసుకుంటది. గిట్ల పొట్లాలకు పొట్లాలు ఏస్తే నీళ్ల తొవ్వలే మూసుకుంటయ్. ఇంక ఇంజన్ ఎట్ల సల్లబడాలె?"

నీళ్లు తిరగక హెడ్ కాలిందని, ఆ వేడికి వంగిందని అప్పుడు అర్థమైంది. ఎంత వంగిందో కూడా చూపించాడు. స్టీలు బద్దను దాని మీద నిలబెట్టి వెనకనుంచి టార్చి వేశాడు. మధ్యలో బద్ద కింద సన్నగా వెలుతురు. వంకరైతే మిషన్ మీద అరగదీసి సరిచేయొచ్చట. పగులుంటేనే తక్లీఫ్ అన్నాడు.

పగులు ఎలా కనిపెడతారు? కడిగి ఆరబెట్టి, కిరోసిన్ పూసి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. ముగ్గురం తలలు వంచి చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి తెల్లటి పొడి మీద, రెండు వాల్వుల మధ్య, వెంట్రుకంత తడి గీత తేలింది. లోపలికి ఇంకిన కిరోసినే పైకి వచ్చి పగులును పట్టించింది. తమ్ముడి ముఖం వాడిపోయింది. నాకు మాత్రం, అనకూడదు గానీ, భలే అనిపించింది.

"అయితదా భాయ్?" అన్నాడు తమ్ముడు.

"చూద్దాం. కాల్చేటప్పుడు ఇంకో దిక్కు పగిలితే నన్ను అనొద్దు."

పగులు పొడవునా గాడిలా తొలిచాడు. వెల్డింగ్‌కు ముందు హెడ్‌ను మంట మీద కాచాలట. కాచే ముందు బట్టల సబ్బుతో దాని మీద గీత గీశాడు.

"సబ్బెందుకు?" అని అడిగాను.

"ఇనుమయితే ఎర్రగయి చెప్తదమ్మా. ఇది చెప్పదు. తెల్లగనే ఉంటది, ఒక్కసారే కారిపోతది. సబ్బు రంగు మారితే మంట ఆపాలె."

"అచ్చం మా తమ్ముని లెక్క. ఏం చేసిండో చెప్పడు, ఒక్కసారే పొగ ఇడుస్తడు."

"ఆపుతవా అక్కా!" అన్నాడు తమ్ముడు. భాయ్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

సబ్బు గీత గోధుమరంగుకు తిరగగానే మంట తీసేశాడు. మమ్మల్ని అటు తిరగమని వెల్డింగ్ చేశాడు. గోడ మీద నీలం వెలుగు ఎగిరింది. అయ్యాక వేడి హెడ్‌ను బూడిదలో కప్పాడు. గబుక్కున చల్లారితే మళ్లీ పగులుతుందట. బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాడు.

మర్నాడు వెళ్లేసరికి పసుపంతా కడిగి, అడుగు నున్నగా అరగదీసి ఉంచాడు. ఇక పరీక్ష. నీళ్ల కన్నాలను రబ్బరు ముక్కలతో, బిళ్లలతో బిగించి, లోపలికి గాలి పట్టించి, వేడినీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగ వస్తే పని పాడైనట్టే.

వచ్చింది. ఒకదాని వెనక ఒకటి, వరుసగా.

"అయిపాయె," అని తమ్ముడు నేల మీద కూలబడ్డాడు.

నేను కళ్లజోడు సర్దుకుని తొట్టి మీదికి వంగాను. "భాయ్, అతుకు కాడికెళ్లి వస్తలేవు. ఈ రబ్బరు అంచు కాడికెళ్లి వస్తున్నయ్."

భాయ్ కూడా వంగి చూసి, రబ్బరు పక్కన బోల్టును ఇంకాస్త బిగించాడు. బుడగలు ఆగాయి. మళ్లీ వస్తాయేమోనని ఇద్దరం తొట్టిలోకే చూశాం. నీళ్లు కదల్లేదు.

"లే బిడ్డా, లే. నీ బండి నడుస్తది," అన్నాడు భాయ్.

మెకానిక్ హెడ్ బిగించాడు. రేడియేటర్ కారేచోట టాంకా పెట్టించి మూయించాం. నిండా టమాటా డబ్బాలతో బోయిన్‌పల్లి నుంచి వస్తుంటే ముందు సీట్లో కూర్చుని ఇంజన్ వేడి చూపే ముల్లునే చూశాను. సగం దాకా వచ్చి అక్కడే నిలబడింది. ఇల్లు చేరాక సీటు కింద చెయ్యి పెట్టి తడిమితే పసుపు పొట్లం తగిలింది.

"ఉండనియ్ అక్కా, ఎందుకన్న పనికొస్తది."

"వస్తది," అన్నాను. ఆ సాయంత్రం దాన్ని పప్పులో వేశాను.