తొలి నారుకట్ట

మా అత్తగారిది మంచి చెయ్యి. విరిగిన కొమ్మను తెచ్చి పెరట్లో గుచ్చితే చాలు, చిగురేసేది. నా సంగతి అడక్కండి. నేను నీళ్లు పోస్తే తులసమ్మ కూడా మొహం వేలాడేసేది.

గోరేబాళ పక్కన, కాలువ కింద సాగుకని వలసొచ్చి మావాళ్లు కట్టుకున్న క్యాంపులో, కాలువకి నీళ్లొదిలాక, ఎవరి పొలంలో ఊడ్పులు మొదలైనా తొలి నారుకట్ట ఆవిడే పెట్టాలి. తెల్లారకముందే ఎవరో ఒకరు పిలవడానికి వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు వాటంతటవే మూతపడతాయి. దమ్ము చేసిన మడిలో ఆకాశమంతా పరుచుకుని ఉండేది. ఆవిడ కుచ్చెళ్లు ఎగదోపుకుని అందులోకి దిగేది. గట్టుమీద నిద్రకళ్లతో నిలబడ్డ నాకు, ఆవిడ నడిచేది నీళ్లలోనో మబ్బుల్లోనో తెలిసేది కాదు.

మామగారు పోయిన ఏడాది ఎవరూ రాలేదు. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు సుమండీ. బొట్టు లేని మనిషి చేత తొలి కట్ట ఎలా పెట్టిస్తామని లోలోపలే అనుకుని, మా గుమ్మం ముందునుంచి కాకుండా పక్క వీధిన పోయారు. ఆవిడ మాత్రం రోజూ చీకటితోనే లేచి, తల దువ్వుకుని అరుగుమీద కూర్చునేది. ఎవరికోసం కూర్చుందో నాకు తెలుసు. నాకు ఒళ్లు మండిపోయేది.

మా పొలం వంతు వచ్చింది. మా ఆయన నసుగుతూ, తొలి కట్ట నన్ను పెట్టమన్నారు. ముత్తైదువను కదా మరి! అత్తగారే కొబ్బరికాయా పసుపూ బుట్టలో సర్ది నాకిచ్చి, మా వెనకాలే పొలానికి వచ్చింది.

సన్నగా తుంపర పడుతోంది. గోనెపట్టాలు కప్పుకున్న కూలి ఆడవాళ్లు ఆ తెల్లటి తెరలో కలలో మనుషుల్లా నిలబడ్డారు. "ఇగ పెట్టమ్మా, పొద్దెక్కుతున్నది" అంది వాళ్ల పెద్ద. ఆమె మాలా వలసొచ్చిన మనిషి కాదు, ఇక్కడి పాత ఊరిదే.

నేను కట్ట పట్టుకున్నానే గానీ మడిలోకి దిగలేదు. వెనక్కి తిరిగి అత్తగారి ముందు నిలబడ్డాను.

"మీరు పెడితేనే ఊడ్పులు. లేదంటే ఈ నారు నా చేతిలోనే వాడిపోనీండి."

ఆవిడ నావైపు చూడలేదు, కొడుకు వైపే చూసింది. మా ఆయన తల వంచుకుని, "దిగమ్మా. జారుతుంది, చూసుకో" అన్నారు.

ఆవిడ దిగింది. వంగి, గుప్పెడు నారు మట్టిలో గుచ్చింది. ఎంతసేపటికీ నడుం ఎత్తలేదు. కళ్లు తిరిగాయేమోనని నేను గబగబా దిగి పట్టుకున్నాను. బురద కారుతున్న అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

"మీ మావయ్యతోపాటు ఇది కూడా పోయిందనుకున్నానే" అంది.